గాలికుంటు టీకా పట్టినదో లేదో తెలిసికొనుట ఎట్లు?

గాలికుంటు టీకాలు వేసిన నెల దినములకు పశువైద్య సిబ్బంది మరల గ్రామమునకు వచ్చి, కొన్ని పశువుల మెడసిరనుండి కొద్దిగా రక్తము తీసికొని పోవుట మీలో అనేకులు చూచియుందురు. టీకాకు తానై పశువును తోలుకొనివచ్చిన రైతు కూడ రక్తము తీయుదుమనగానే వెనుదీయుచుండును. "సూది వేసినారు, సరే. ఇప్పుడు నెత్తురెందుకు? చూడి గేదె, పాలు తగ్గిపోవును" అని కొందరు, "మా పశువు బాగుగనే ఉన్నది గదా" అని మరికొందరు అందురు. ఒక పశువునుండి తీయు రక్తము 10 మిల్లీలీటర్లకు మించదు. అనగా రెండు టీ చెంచాలు. 300 కిలోల పశువు శరీరములో ఇరువది లీటర్ల వరకు రక్తముండును. పాలు తగ్గుటకు ఇందు కారణమేమియు లేదు.

ఇక రక్తము ఎందుకన్న ప్రశ్న. ఇది మంచి ప్రశ్న, దీనికి సరియైన సమాధానము రైతుకు చెప్పవలసియున్నది. మంచి టీకా వేసినను, ఎండకు పాడైన టీకా వేసినను, పశువు పైకి ఒకే తీరుగ కనబడును. రెండు పశువులును మేయును, నెమరువేయును, పాలిచ్చును. మూడు నెలలకు గాలికుంటు ఊరిలోనికి వచ్చినపుడు మాత్రమే తేడా బయటపడును. ఒకటి నిలబడును. రెండవది నోట చొంగ కార్చుచు, గిట్టల నడుమ పుండ్లతో కుంటుచు, దుక్కి అదనులో కొట్టములో పడియుండును. పెద్ద పశువు సాధారణముగ చావదు గాన ఈ వ్యాధిని మనవారు తేలికగా తీసికొనుట కలదు. కాని చిన్న దూడలు గుండె దెబ్బతిని చనిపోవును. కోలుకొన్న పాడిపశువు మునుపటి పాలకు రాకపోవచ్చును. కోలుకొన్న ఎద్దు ఎండకు రొప్పుచుండును. ఆ తేడాను రోగము రాకముందే కనిపెట్టుటకు రక్తపరీక్ష తప్ప వేరు దారి లేదు. ఆ పరీక్ష ఎట్లు జరుగునో, దాని అంకెను ఎట్లు చదువవలెనో ఈ వ్యాసములో చెప్పబడును. ఈ రచయిత పైరుల శాస్త్రము చదివినవాడే గాని పశువైద్యుడు కాడు. అయినను గ్రామములలో టీకాల నాడు రైతులు అడుగు ప్రశ్నలు పశువైద్యునకొకటి, వ్యవసాయాధికారికొకటి అని వేరుగా ఉండవు గదా.

టీకా చేయు పని

గాలికుంటుకు కారణము వైరసు అను అతిసూక్ష్మమైన జీవి. 1898 లో జర్మనీ దేశమున లోఫ్లరు, ఫ్రాష్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు, పొక్కుల రసమును బాక్టీరియాలను ఆపు వడపోతలో పోసి చూడగా, వడిసి వచ్చిన ద్రవము కూడ దూడలకు రోగము తెచ్చినది. పశువుల రోగములలో వైరసు వలన కలుగునని మొట్టమొదట తేలినది ఇదియే.

ఈ వైరసు పశువు శరీరములోని జీవకణమును అంటిపట్టుకొని, లోపల జొరబడి, అందులోనే వేలకొలదిగ పెరిగి, కణమును చీల్చుకొని బయటికి వచ్చును. పల్లేరుకాయ పంచెను పట్టుకొన్నట్లు, దీని పైపొరమీదనున్న ఒక భాగము కణమును పట్టుకొనును. టీకాలో ఉండునది చంపిన వైరసు. అది రోగము తేజాలదు గాని, దానిని చూచి పశువు శరీరము ప్రతిరక్షకములను తయారుచేసికొనును. డాక్టర్లు వీనినే యాంటీబాడీలందురు. నిజమైన వైరసు వచ్చినపుడు ఈ ప్రతిరక్షకములు దాని పైపొరను కప్పివేయును. పల్లేరుకాయ ముళ్ళకు బంకమట్టి మెత్తినచో అది పంచెను పట్టజాలదు. వైరసు గతియు అంతే. దీనినే వైరసును నిర్వీర్యము చేయుట అందురు.

కాబట్టి పశువు రక్తములో ఈ ప్రతిరక్షకములు ఎంత మేరకు ఉన్నవో కొలిచిన, టీకా ఎంత పట్టినదో తెలియును. అయితే అవి కంటికి కనబడవు, సాధారణ సూక్ష్మదర్శినికి కూడ అందవు. తూకమునకు రావు. పనిని బట్టి పనివాని బలమును లెక్కించినట్లు, అవి ఎంత వైరసును అణచగలవో చూచియే లెక్క కట్టవలెను.

పూర్వము ఇందుకు బ్రతికియున్న జంతువులనే వాడిరి. 1920 లో గినీపందులకు గాలికుంటు అంటించవచ్చునని జర్మనీలో కనుగొనిరి. 1951 లో ఇంగ్లండునందు స్కిన్నరు అను శాస్త్రజ్ఞుడు పాలు త్రాగు చిట్టెలుక పిల్లలు ఈ వైరసునకు ఇంకను లొంగునని చూపెను. ప్రతిరక్షకములున్న సీరమును, వైరసును కలిపి ఆ పిల్లలకు ఎక్కించి, ఎన్ని బ్రతికినవో లెక్కించెడివారు. దీనికి ఎలుక పిల్లలు లెక్కకు మించి కావలసియుండెను. ఒక్కొక్క పిల్ల ఒక్కొక్క తీరుగ నుండుటచే అంకెలు కూడ నిలకడగ వచ్చెడివి కావు.

తరువాత జీవకణములను గాజుపాత్రలో పెంచు విద్య వచ్చినది. ఇది ఎందుకు అవసరమో రైతుకు సులభముగ బోధపడును. బదనిక మామిడికొమ్మ మీదనే బ్రతుకును గాని, నేలలో నాటిన బ్రతుకదు. వైరసు కూడ అట్టిదే. ఎంత బలమైన ఆహారము పోసినను పెరుగదు, బ్రతికియున్న కణము కావలెను. హామ్‌స్టరు అను ఎలుకజాతి జంతువు పిల్లల మూత్రపిండములనుండి తీసిన ఒక కణజాతి, పాత్రలలో ఎన్ని తరములైనను పెరుగునది, 1960 దశకము మొదట గ్లాస్గో నగరములో సిద్ధమైనది. దానికి బి.హెచ్.కె. 21 అని పేరు. 1962 లో గాలికుంటు వైరసు ఈ కణములలో బాగుగ పెరుగునని తేలెను. నాటినుండి పరీక్షకును, టీకా తయారీకిని ఇవే ఆధారమైనవి. జాతీయ పాడి అభివృద్ధి మండలివారు 1982 లో హైదరాబాదునందు స్థాపించిన టీకా కర్మాగారములో కూడ గాలికుంటు టీకాకు వైరసును ఈ కణములలోనే పెంచుదురు.

గుంటల పళ్ళెములో పరీక్ష

పరీక్షకు వాడు పాత్ర అరచేతి పొడవున ఉండు ప్లాస్టిక్ పళ్ళెము. మన ఆడపిల్లలు చింతగింజలతో ఆడుకొను వామనగుంటల పీట వంటిది. అయితే పీటలో 14 గుంటలుండగా దీనిలో వరుసకు 12 చొప్పున 8 వరుసలలో 96 చిన్న గుంటలుండును.

పశువు రక్తము గడ్డకట్టిన పిమ్మట పైన తేరు లేత గడ్డిరంగు నీరే సీరము. ప్రతిరక్షకములు దీనిలోనే ఉండును. ముందుగా సీరమును 56 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో అరగంట ఉంచుదురు. రక్తములో సహజముగనుండి పరీక్షను తారుమారు చేయు కొన్ని పదార్థములు ఈ వేడికి నశించును. ప్రతిరక్షకములు మాత్రము చెడవు.

పిదప సీరమును పలుచన చేయుదురు. చిక్కని మజ్జిగ ఒక గ్లాసు తీసికొని దానికి సమముగ నీరు కలుపుడు. అందులో సగము మరొక గ్లాసులో పోసి మరల సమముగ నీరు కలుపుడు. ఇట్లే పోవుచుండిన, ఏ గ్లాసువద్ద పులుపు తెలియకుండ పోవునో దానిని బట్టి మొదటి మజ్జిగ ఎంత పులిసినదో చెప్పవచ్చును. సీరమును కూడ సరిగ్గా ఇట్లే 4 పాళ్ళలో 1, 8 లో 1, 16 లో 1 అని రెట్టింపు పలుచనలు చేసి, ఒక్కొక్క పలుచనను కనీసము రెండేసి గుంటలలో పోయుదురు. గుంటకు పోయునది మిల్లీలీటరులో ఇరువదవ వంతు, అనగా ఒక చిన్న బొట్టు.

ప్రతి గుంటలోను దానికి సమమైన మరొక బొట్టు వైరసు ద్రవమును చేర్చుదురు. ఇక్కడనే నేర్పు కావలెను. వైరసు ఎక్కువైనచో మంచి సీరము కూడ ఓడినట్లు కనబడును. తక్కువైనచో పనికిరాని సీరము కూడ గెలిచినట్లు కనబడును. కావున వైరసు బలమును ముందే కొలిచి ఉంచుకొందురు. సరిగ్గా సగము గుంటలలో కణములను చంపగల మోతాదును ఒక మోతాదుగ ఎంచి, అట్టివి సుమారు 100 మోతాదులు ఒక్కొక్క గుంటకు పోయుదురు. పోసిన తరువాత కూడ అదేనాడు ఆ వైరసును వేరుగ మరల కొలుతురు. అది 32 మోతాదులకు తగ్గినను, 320 కి మించినను ఆనాటి పరీక్ష అంతయు కొట్టివేసి, మరల మొదటినుండి చేయవలసినదే.

సీరము, వైరసు కలిసిన పళ్ళెమును 37 డిగ్రీల వెచ్చదనమున ఒక గంట ఉంచుదురు. ప్రతిరక్షకములు వైరసును పట్టుకొనుటకు ఈ గడువు. అటుపిమ్మట ప్రతి గుంటలోను జీవకణములను పోసి, మూత బిగించి, అదే వెచ్చదనమున రెండు మూడు దినములుంచుదురు. గుంటలో వైరసు అణగిపోయియున్నచో కణములు అడుగున చాపవలె పరచుకొని పెరుగును. కొద్ది వైరసు మిగిలియున్నను అది కణములలో చొచ్చి, పెరిగి, ఆ చాపనంతయు తినివేయును. మూడవనాడు ఫార్మలినుతో అంతయు చంపి, మెథిలీన్ బ్లూ అను నీలిరంగు వేసి కడుగుదురు. కణములు బ్రతికిన గుంటలు నీలముగ మెరయును. చచ్చిన గుంటలు ఖాళీగ, తెల్లగ ఉండును. సూక్ష్మదర్శిని అవసరము కూడ లేదు. ఎదురుగ నిలబడి చూచినవారు ఎవరైనను చదువవచ్చును.

పరీక్ష నమ్మదగినదగుటకు అదే పళ్ళెములో మరికొన్ని గుంటలను సాక్ష్యముగ ఉంచుదురు. ఒకచోట కణములు మాత్రమే. ఇవి బ్రతుకవలెను. ఒకచోట కణములును వైరసును, సీరము లేకుండ. ఇవి చావవలెను. ఒకచోట కణములును సీరమును, వైరసు లేకుండ. ఇవి బ్రతుకవలెను. బ్రతుకనిచో ఆ సీరమే కణములకు విషమైనదన్నమాట, అట్టి సీరము ఫలితమును లెక్కలోనికి తీసికొనరు. బలము ముందే తెలిసిన ఒక సీరమును కూడ ప్రతిసారి పరీక్షింతురు. పైరుల ప్రయోగములలో ఎరువు వేయని మడిని పోలికకు వదలుట రైతు సోదరులెరుగుదురు. ఇదియు అట్టిదే.

45 అను అంకె

ఫలితమును టైటరు అందురు. ఎంత పలుచన చేసినను సీరము సగము గుంటలను కాపాడగలిగినదో, ఆ పలుచనయే టైటరు. వైరసు కలిసిన తరువాతి పలుచననే లెక్కింతురు. ఉదాహరణకు ఒక ఆవు సీరము 8 లో 1, 16 లో 1, 32 లో 1 వరకు రెండేసి గుంటలను నిలిపినదనుకొందము. 64 లో 1 వద్ద రెండును చచ్చినవి. సగము నిలుచు స్థానము 32 కును 64 కును నడుమ నున్నదన్నమాట. రెట్టింపులతో నడచు వరుసలో ఈ నడిమి అంకె 48 కాదు, సుమారు 45. 32 కు 45 ఎన్ని రెట్లో, 45 కు 64 అన్ని రెట్లే. 64 వద్ద ఒక గుంట నిలిచి ఒకటి చచ్చినచో టైటరు 64 అగును. ఈ లెక్కను సుకరము చేయుటకు 1931 లో కార్బరు, 1938 లో రీడ్, మ్యూంచ్ అను శాస్త్రజ్ఞులు సూత్రములు ఏర్పరచిరి. అవి నేటికిని వాడుకలో ఉన్నవి.

గాలికుంటు విషయమున టైటరు 45 గాని, అంతకు మించి గాని ఉన్న, ప్రతిరక్షకములున్నట్లు ప్రపంచ పశు ఆరోగ్య సంస్థవారి గ్రంథము నిర్ణయించుచున్నది. 16 కంటె తక్కువైన, లేనట్లు. 16 నుండి 32 వరకు సందేహము. అట్టి పశువునుండి మరల రక్తము తీయవలెను.

ఇక్కడ ఒక విషయమున గ్రామాధికారులు జాగ్రత్త వహింపవలెను. 45 దాటినది కాబట్టి ఈ గేదెకు ఇక రోగము రాదని రైతుకు హామీ ఇచ్చుట తగదు. 45 అనునది ప్రతిరక్షకములు ఉన్నవా లేవా అని తేల్చు గీత. ఏ టైటరువద్ద పశువు రోగమునకు నిజముగ తట్టుకొనునో అది టీకాను బట్టి, పశుజాతిని బట్టి మారును. తక్కువ టైటరున్న పశువు తప్పించుకొనవచ్చును. మంచి టైటరున్నదే రోగపు పశువుతో ఒకే తొట్టిలో నీరు త్రాగి పడిపోవచ్చును. ఈ అంకె ఊరి మందకు కొలమానముగ పనికివచ్చును. మందలో చాలవరకు పశువులు మంచి టైటరుతో నున్నచో, వైరసు ఒక పశువునుండి మరొకదానికి దాటుటకు దారి చిక్కదు. ఒక్క రైతు తన పశువును దాచిపెట్టుట ఊరందరికి నష్టమగుట ఇందువలననే.

టీకా వేయునాడు ఒకసారి, నెల తరువాత మరియొకసారి రక్తము తీయుటకు కారణము కూడ ఇదియే. మొదటినాడు టైటరు 8 ఉండి, నెలకు 128 అయినచో టీకా పనిచేసినట్లు. మొదటినాడే 128 ఉండి, నెలకును 128 ఉన్నచో ఆ ప్రతిరక్షకములు పాత టీకావో, వచ్చిపోయిన రోగమువో గాని, ఈ టీకా గొప్ప మాత్రము కాదు. ఒక మెట్టు తేడాను, అనగా 32 కు బదులు 64 రావుటను, పెరుగుదలగ ఎంచరాదు. అదే సీరమును రెండు మారులు పరీక్షించినను అంతపాటి తేడా వచ్చుట కద్దు. నాలుగు రెట్లు పెరిగిననే నమ్ముదురు.

దూడల విషయము కొంత చిక్కైనది. ఏ టీకాయు వేయని నెలదూడ సీరము కూడ ఒక్కొక్కప్పుడు వైరసును చక్కగ అణచును. ఇది తల్లి జున్నుపాల మహిమ. టీకా పొందిన తల్లి తన ప్రతిరక్షకములను జున్నుపాలలో దూడకిచ్చును. పుట్టిన మొదటి గంటలలోనే అవి దూడ ప్రేగులనుండి రక్తములోనికి పోగలవు. ఒక దినము గడచిన ఆ దారి మూసికొనిపోవును. జున్నుపాలు దూడకు అరుగవని పితికి పంచిపెట్టు అలవాటు కొన్ని ఇండ్లలో ఇంకను ఉన్నది. ఈ అలవాటు మానవలెను. అయితే తల్లి ఇచ్చిన ఈ రక్షణయే దూడకు వేసిన టీకాను కూడ అడ్డగించును. కావుననే మొదటి టీకాను 4 నెలలు నిండువరకు ఆపి, అటుపిమ్మట ఒక నెలకు రెండవ మోతాదు వేసి, ఆ తరువాత 6 నెలలకొకసారి వేయుచుందురు. రెండవ మోతాదు తప్పిన దూడలలో టైటరు త్వరగ పడిపోవును.

ఒక వైరసు కాదు

గాలికుంటు వైరసులో 7 రకములు కలవు. ఒక రకమునకు పుట్టిన ప్రతిరక్షకములు మరొక రకమును అణచవు. మన దేశమున నేడు తిరుగునవి ఓ, ఎ, ఆసియా-1 అను మూడు. సి రకము 1995 తరువాత దేశమున కనబడలేదు. అందుచే టీకాలో మూడు రకములను కలుపుదురు, పరీక్షకు కూడ ఒకే సీరమునకు మూడు పళ్ళెములు వేరువేరుగ పెట్టవలెను. ఓ రకమునకు 128, ఆసియా-1 కు 16 వచ్చిన పశువు సగము రక్షణలోనే ఉన్నది.

"టీకా వేసితిమి, అయినను రోగము వచ్చినది" అను మాట వినబడినపుడు కారణము సిబ్బంది అశ్రద్ధయో, రైతు అబద్ధమో అని వాదులాడుట కంటె, పొక్కు చర్మమును ప్రయోగశాలకు పంపుట మేలు. అక్కడ వైరసును పెంచి, టీకా పొందిన పశువు సీరమును రెండు విధముల పరీక్షింతురు: టీకాలోని వైరసుపై ఒకమారు, ఊరిలో వచ్చిన వైరసుపై ఒకమారు. రెండవ టైటరును మొదటిదానితో భాగించగా 0.3 గాని అంతకు మించి గాని వచ్చినచో, టీకాకును ఊరి వైరసునకును పోలిక సరిపోయినట్లు. అంతకు తగ్గినచో వైరసు రూపు మారినది, టీకాలోని రకమును మార్చుట ఆలోచింపవలెను. ఈ పనికై భారత వ్యవసాయ పరిశోధన మండలివారు 1968 లో అఖిల భారత పథకమొకటి నెలకొల్పిరి. ఆ పనిని నేడు భువనేశ్వరు వద్దనున్న గాలికుంటు సంస్థ నడపుచున్నది.

ఈ పళ్ళెపు పరీక్షను జిల్లాకొకటి పెట్టరాదా అని అడుగవచ్చును. పెట్టరాదు. దానికి బ్రతికియున్న వైరసు కావలెను. ఆ వైరసు గోడదాటిన ఏమగునో 2007 ఆగస్టులో ఇంగ్లండు చూచినది. పిర్‌బ్రైట్‌లోని పరిశోధనా ఆవరణనుండి మురుగుకాలువ ద్వారా వెలువడి చుట్టుప్రక్కల పశువులకు అంటినది. అందుచే వైరసు వెలుపలికి పోకుండ ప్రత్యేకముగ కట్టిన కొద్దిపాటి ప్రయోగశాలలలోనే ఈ పరీక్ష జరుగును.

వేలకొలది నమూనాలకు ఎలిసా అను మరొక పరీక్ష వాడుదురు. 1971 లో స్వీడనులో రూపొందిన ఈ పద్ధతిలో చంపిన వైరసు చాలును. జీవకణములు అక్కరలేదు, ఫలితము ఒకటి రెండు దినములలోనే రంగు రూపమున తెలియును. ప్రమాదము లేదు, ఖర్చు తక్కువ. కాని ఎలిసా చూచునది ప్రతిరక్షకము వైరసునకు అంటుకొనినదా అని మాత్రమే. అంటుకొనిన ప్రతిదియు అణచజాలదు. కావున ఎలిసా అంకెలను అప్పుడప్పుడు పళ్ళెపు పరీక్షతో సరిచూచుకొనుచుండవలెను. మరియొక ఎలిసా కలదు. వైరసు కణములో పెరుగునపుడు మాత్రమే పుట్టు కొన్ని మాంసకృత్తులపై వచ్చు ప్రతిరక్షకములను అది కనిపెట్టును. శుద్ధిచేసిన టీకాలో ఆ మాంసకృత్తులు ఉండవు గాన, ఇవి కనబడిన పశువునకు నిజమైన రోగమే తగిలినదని చెప్పవచ్చును. టీకావలన వచ్చినదా, రోగమువలన వచ్చినదా అను ఈ భేదమును పళ్ళెపు పరీక్ష చెప్పజాలదు.

కోళ్ళవారికి ఒక మాట. కొక్కెర తెగులు టీకాకు ఇంతకంటె సులువైన పరీక్ష ఉన్నది. కొన్ని వైరసులు కోడి రక్తకణములను గుంపుకట్టించునని 1941 లో హర్‌స్ట్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు చూపెను. కొక్కెర వైరసు కూడ అట్లే చేయును. సీరములో ప్రతిరక్షకములున్న గుంపుకట్టదు, రక్తకణములు గుంట అడుగున ఎర్రని బొట్టుగ నిలుచును. గంటలోపున తేలిపోవును.

ప్రతిరక్షకములు లేకపోవుటయే విజయమైన సందర్భమొకటి మన పెద్దలకు జ్ఞప్తియుండును. రిండర్‌పెస్టు, పల్లెలలో పెద్దజాడ్యమని పిలిచినది, మందలకు మందలనే ఊడ్చుకొనిపోయెడిది. 1954 లో దేశవ్యాప్తముగ టీకాలు మొదలైనవి. చివరి రోజులలో దక్షిణ రాష్ట్రములలోనే అది మొండికెత్తి నిలిచినది. 1995 తరువాత దేశములో ఎచ్చటను కనబడలేదు. కాని కనబడకపోవుట వేరు, లేకపోవుట వేరు. దానిని ఋజువు చేయుటకు టీకాలు ఆపివేసి, ఆ తరువాత పుట్టిన పశువుల రక్తమును ఏండ్ల తరబడి పరీక్షించిరి. టీకా లేని దూడలో ప్రతిరక్షకములున్నచో వైరసు ఎచ్చటనో దాగియున్నదని అర్థము. అట్టిది దొరకలేదు. 2006 లో మన దేశమును, 2011 లో ప్రపంచమును ఈ వ్యాధినుండి విముక్తమైనట్లు ప్రకటించిరి. రెండు చెంచాల రక్తము ఇచ్చిన రైతులు లేకున్న ఆ ప్రకటన సాధ్యమయ్యెడిది కాదు. 2019 సెప్టెంబరులో మొదలైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమము గాలికుంటును కూడ ఆ దారినే తీసికొనిపోవ సంకల్పించినది.

గ్రామములో చేయవలసినవి

టీకా 2 నుండి 8 డిగ్రీల చలిలో ఉండవలెను. గాలికుంటు వైరసు పైపొర బహు పెళుసు. వెచ్చబడిన ముక్కలగును. ముక్కలైన వైరసు పశువునకు మంచి ప్రతిరక్షకములను నేర్పజాలదు. గడ్డకట్టినను టీకా చెడును. ఐసుపెట్టె మూత తీసి చెట్టుక్రింద పెట్టి, పశువులు వచ్చువరకు ముచ్చట్లాడు చోట, నెల తరువాత ప్రయోగశాల అంకెలు తక్కువగ వచ్చిన ఆశ్చర్యపడరాదు. ప్రయోగశాల చూపునది పశువు బలమునేగాక, ఆనాటి ఐసుపెట్టె చరిత్రను కూడ.

రక్తము తీయుటకు పశువులను ఏరునపుడు ఆసుపత్రికి దగ్గరగనున్న ఇండ్లనో, మచ్చికైన ఆవులనో మాత్రమే తీసికొనుట పొరపాటు. అట్టి లెక్క బాగుగనే ఉండును గాని ఊరి సంగతి చెప్పదు. చివరి వీధివి, గేదెలు, దూడలు, మేతకై పొరుగూరినుండి వచ్చిన మందలు కూడ ఉండవలెను. ప్రతి సీసాపై 12 అంకెల చెవిపోగు సంఖ్య, పశువు జాతి, వయస్సు, చివరి టీకా తేదీ వ్రాయవలెను. టీకా వేయించని పశువును వేయించినట్లు చెప్పుటవలన ఎవరికిని ప్రయోజనము లేదు. అది మంచి టీకాకు చెడ్డపేరు తెచ్చును.

తీసిన రక్తమును కుదుపక, వెంటనే ఐసులో పెట్టక, నీడలో సీసాను ఏటవాలుగ నిలిపి గడ్డకట్టనీయవలెను. మోటారు సైకిలు సంచిలో వేసికొని గతుకులబాట పట్టినచో రక్తకణములు పగిలి సీరము ఎర్రబడును. అట్టిది పళ్ళెములో కణములను చంపి, ఫలితమును పాడుచేయును. గడ్డకట్టిన పిమ్మట పైకి తేరిన సీరమును వేరు సీసాలోనికి తీసి, అప్పుడు చలిలో పెట్టవలెను. గడ్డతో కూడిన రక్తమును ఎన్నడును మంచుగ గట్టింపరాదు.

ఊరిలో నిజముగనే గాలికుంటు పొడసూపినపుడు మొదట కావలసినది రక్తము కాదు. నాలుకమీదనో, చిగుళ్ళమీదనో అప్పుడే చిట్లిన పొక్కు పైచర్మము కావలెను. నోటిలోని పొక్కులు త్వరగ మానిపోవును గాన, చొంగ కారుట చూచిన నాడే పశువైద్యునకు కబురు పంపవలెను. ఆ చర్మమును గ్లిజరిను కలిసిన ప్రత్యేక ద్రవములో వేసి, చలిలో పెట్టి పంపుట వారి పని. అదే పశువునుండి అప్పుడొకసారి, మూడు వారములకొకసారి రక్తము తీసికొందురు. రెండవమారు వారు వచ్చునప్పటికి పశువు కోలుకొని మేతకు పోయియుండును. ఆనాటికి దానిని ఇంటిపట్టున కట్టియుంచుడు.